ఎనిమిదో స్థలం

గుళ్లో బొమ్మ దగ్గరికి వెళ్తే ఎవరైనా ముందు దణ్ణం పెడతారు. మా నాన్న ముందు గోరుతో గీకేవాడు. ఇద్దరు మనుషులు బొమ్మని పట్టుకుని మెల్లగా వెనక్కి వంచితే, పీట అడుగున ఎవరి కంటా పడని చోట బొటనవేలి గోరు ఆనించి చిన్న పెచ్చు లేపేవాడు. దాన్ని అరచేతిలో వేసుకుని కిటికీ దగ్గరికి వచ్చి అంచు చూసేవాడు. ఉల్లిపాయ కోసినట్టు పొరలు పొరలుగా కనపడేది. "నాలుగు కోట్లున్నాయే అమ్మాయ్. అడుగుది అసలుది. మిగతా మూడూ మనోళ్లు పూసినవి" అనేవాడు. మనోళ్లంటే తనకంటే ముందు ఆ గుళ్లో, అంటే మా కతోలిక చర్చిలో, రంగులేసి వెళ్లిపోయిన పెయింటర్లు. వాళ్ల పేర్లు ఆయనకీ తెలీవు.

నాన్న బెజవాడలో బోర్డు ఆర్టిస్టు. గాంధీనగర్ నిండా సినిమా ఆఫీసులున్న రోజులవి. బానర్లు రాసేవాడు, కటౌట్లు వేసే పెద్ద ఆర్టిస్టుల దగ్గర చేతికింద పని చేసేవాడు, దసరాకి ఇంద్రకీలాద్రి దిగువన స్వాగతం బోర్డులు రాసేవాడు, లారీల వెనకాల నెమళ్లు వేసేవాడు. ఆదివారం పూజకి మాత్రం అమ్మ తిట్టి పంపితే వెళ్లేవాడు. వెళ్లినా తలుపు దగ్గరే చెప్పులు కనపడేలా నిలబడేవాడు. ఆయన బలిపీఠం దాకా నడిచింది చేతిలో కుంచె ఉన్నప్పుడే.

ఆ గుడి పేరు చెప్పను. ఇప్పుడు అది అలా లేదు, కారణం చెబితే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. పాత ఊరి వైపు, ఇటలీ స్వాములు కట్టించిన గుడి. మిలాను నుంచి వచ్చిన ఈ మిషనరీలని పిమె స్వాములంటారు. హైదరాబాదు ప్రాంతానికి వాళ్లు 1855లోనే వచ్చారు. కృష్ణా జిల్లాలో పాత విచారణలు, అంటే ఒక్కో గుడి కింద ఉండే ఊళ్లు, చాలావరకు వాళ్ల చెమటే. బెజవాడ విడిగా మేత్రాసనం, అంటే ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం, అయింది 1937లో. 1950లో దాని పేరు విజయవాడ మేత్రాసనంగా మారింది. మా నాయనమ్మ మటుకు పోయేదాకా "బెజవాడ మేత్రాణులు" అనే అన్నది. పేరు మార్చినట్టు ఆవిడకి ఎవరూ కబురు చెయ్యలేదు మరి.

గుళ్లో బొమ్మలు ఆరో ఏడో. కుడివైపు జోజప్ప, అంటే యేసు పెంపుడు తండ్రి యోసేపు, చేతిలో లిల్లీ పూలకొమ్మ. ఎడమవైపు లూర్దు మాత. వెనక, పాపసంకీర్తనం చెప్పుకునే పెట్టె పక్కన పునీత అంతోని, ఆయన చేతుల్లో బాలయేసు. పీఠం మీద ముళ్లు చుట్టుకుని మంట రేగుతున్న గుండెను చూపిస్తూ యేసు తిరుహృదయం. అన్నీ ప్లాస్టర్ బొమ్మలే. చూడ్డానికి రాతివిలా ఉండేవి కానీ వేలు విరిగితే లోపల ఇనప తీగ, కొంచెం పీచు కనపడేవి. అంతోని చేతిలోని బాలయేసుకి చూపుడువేలు ఎప్పుడూ ఉండేది కాదు. నాన్న ప్రతిసారీ తీగ చుట్టి, లప్పం పెట్టి, ఎమరీ కాగితంతో రుద్ది కొత్త వేలు చేసేవాడు. ముట్టుకుని ముద్దు పెట్టుకునే జనం చేతుల్లో ఏడాది తిరక్కుండా అది మళ్లీ పోయేది. "ఈ బిడ్డకి నేను చేసిన వేళ్లు కలిపితే మూడు చేతులకి సరిపోతాయి" అనేవాడు.

లప్పం ముద్ద కలపడం నా పని. అక్కకి ఆ వాసన పడదు, తమ్ముడు చిన్నవాడు. సుద్దపొడిలో నూనె పోసి చపాతీ పిండిలా మర్దించాలి. చేతికి అంటుకోకపోతే అయినట్టు.

పని ఎప్పుడు చేసేవారో చెబితే మీకు నవ్వొస్తుంది. ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలంలో ఐదో ఆదివారం నుంచి బొమ్మలన్నిటికీ ఊదారంగు గుడ్డ కప్పేవారు. రోములో కొత్త పూజ పుస్తకం వచ్చాక అది తప్పనిసరి కాదన్నారట కానీ మా ఇటలీ స్వాములు మానలేదు. రెండు వారాలపాటు గుళ్లో ఎవరు జోజప్పో ఎవరు అంతోనో తెలీదు, అందరూ ముసుగేసుకుని నిలబడ్డ పొడుగాటి మనుషులే. ఆ ముసుగుల వెనకే నాన్న రంగులేసేవాడు. మధ్యాహ్నం పూట గుళ్లో ఎవరూ ఉండరు. గుడ్డ ఎత్తి కట్టి, నిచ్చెనేసుకుని, సాయంత్రం సిలువ మార్గం ప్రార్థన వేళకి మళ్లీ దించేసేవాడు. పాస్కా, అంటే ఈస్టరు, జాగరణ రాత్రి దీపాలన్నీ ఆర్పేసి, బయట కొత్త నిప్పు రాజేసి, పాస్కా వత్తి వెలిగించి లోపలికి తెచ్చేవారు. పాత నిబంధన పఠనాలన్నీ అయ్యాక మహిమ గీతం ఎత్తుకోగానే గురువారం నుంచి నోరు మూసుకున్న గంటలన్నీ ఒక్కసారి మోగేవి, గుడ్డలు లాగేసేవారు. బొమ్మలన్నీ తళతళ. జనం "ఆ" అనేవారు. గుడంతా మైనం, సాంబ్రాణి, టర్పెంటైన్. ఈనాటికీ నాకు పాస్కా పండగంటే టర్పెంటైన్ వాసనే.

ఒక ఏడాది శనివారం దాకా పని సాగింది. ఎనామిల్ ఆరలేదు. మహిమ గీతం మొదలైంది, గుడ్డలాగే కుర్రాడు అంతోని దగ్గర లాగితే రాలేదు. గట్టిగా లాగాడు. గుడ్డ వచ్చింది కానీ మోచేతి దగ్గర ఒక ముక్క ఉండిపోయింది. అంతోని గారు గోధుమరంగు అంగీకి ఊదారంగు మాసిక వేసుకుని నిలబడ్డాడు. జనం పాట ఆపలేదు, పాడుతూనే నవ్వారు. నాన్న స్తంభం వెనక్కి వెళ్లిపోయి మళ్లీ పూజ అయ్యేదాకా రాలేదు. అమ్మ ఆ రాత్రి ఇంటికొచ్చి సేమ్యా వండుతూ, "ఏవండీ, మీ అంతోనికి కుట్టుకూలి ఎంత?" అని అడిగింది.

నాన్నకి అసలు తంటా మొహాలతో. అసలు పొరలో ఒంటిరంగు పాలల్లో రోజాపువ్వు నానేసినట్టు ఉండేది. అంత ఎరుపు తెలుపు మనుషుల్ని ఆయన సినిమా రీళ్లలో తప్ప చూళ్లేదు. ఒంటిరంగుకి తెలుపులో కొంచెం ఎరుపు, కొంచెం పసుపు, ఆపైన బర్న్ట్ సియెన్నా ట్యూబ్ నొక్కి గింజంత కలిపేవాడు. ప్రతిసారీ ఆ గింజ పెద్దదయ్యేది. రెండోసారి వేసినప్పటికే జోజప్ప ఎండలో తిరిగొచ్చిన వడ్రంగిలా తయారయ్యాడు. ఆయన వడ్రంగే కదా అని నాన్న వాదన. స్వాములు ట్యూబ్ తీసుకుని దాని మీద అక్షరాలు చదివి నవ్వారు. సియెన్నా అనేది ఇటలీలో ఊరట, ఆ మట్టిని కాల్చి చేసే రంగట. స్వాములు తెలుగు నేర్చుకున్నది జపాల పుస్తకాల్లోంచి. అందుకని ఆయన మాటలు కూడా అలాగే ఉండేవి. "ఇది మా దేశపు మన్ను. మీరు పూయుడి" అన్నారు.

కళ్ల దగ్గర మాత్రం ఊరుకోలేదు. కటౌట్ల చెయ్యి కదా, నాన్న జోజప్పకి కనుబొమలు తీర్చి, కంటి కొసలు పైకి లాగి, పెదాలకి కాస్త మెరుపు కూడా ఇచ్చాడు. స్వాములు గుడ్డ ఎత్తి చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "జోజప్పగారు ఏ సినిమాలో వేషము వేయుచున్నారు?" అని అడిగారు. నాన్న ఆ మధ్యాహ్నమే టర్పెంటైన్ గుడ్డతో మొత్తం తుడిచేశాడు. ఇంటికి వచ్చాక "వాళ్ల జోజప్ప వాళ్ల ఇష్టం" అని గొణుక్కున్నాడు.

లూర్దు మాత సంగతి వేరు. ఆ బొమ్మకి రంగులు తక్కువ. తెల్లటి అంగీ, తెల్లటి మేలిముసుగు, నడుముకి నీలం పట్టీ, చేతికి జపమాల, రెండు పాదాల మీదా చెరో బంగారు గులాబీ. బిడ్డ ఉండదు. చిన్నప్పుడు మాకు ఆరోగ్యమాతకీ లూర్దు మాతకీ తేడా తెలిసేది అలాగే, బిడ్డని ఎత్తుకున్నావిడ వేళాంగణి, ఎత్తుకోనావిడ గుణదల. తెలుపూ నీలమూ తప్ప ఏమీ లేని చోట మొహం ఒక్కటే పని చెయ్యాలి. అది నాన్నకి కుదిరేది కాదు. ఎంత వేసినా గట్టిపడ్డ పెద్దావిడ మొహమే వచ్చేది.

అప్పుడు స్వాములు చెప్పిన కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సులో లూర్దు ఊరి బయట మస్సబియేల్ గుహ దగ్గర పుల్లలేరుకోవడానికి వెళ్లిన బెర్నదెత్‌కి మాత మొదటిసారి కనపడింది. పిల్లకి పద్నాలుగేళ్లు. జులై దాకా మొత్తం పద్దెనిమిది సార్లు. ఆ తర్వాత ఆ గుహలో పెట్టడానికి లియోన్ నగరపు శిల్పి ఫాబిష్ చేత బొమ్మ చెక్కించారు. కర్రారా పాలరాయి. ఆయన ఆ పిల్లనే కూర్చోబెట్టుకుని ఎలా ఉంది, చేతులు ఎలా పెట్టింది, కళ్లెటు తిప్పింది అని అడిగి మరీ చెక్కాడు. 1864 ఏప్రిల్‌లో ప్రతిష్ఠ చేశారు. బొమ్మ చూసిన బెర్నదెత్, బాగానే ఉంది కానీ ఆవిడ కాదు అందట. తనకి కనపడింది తన అంత చిన్నపిల్ల. బొమ్మేమో పొడుగ్గా, పెద్దావిడలా ఉంది.

నాన్న నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు. "అయితే చూసినమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాయనకే కుదర్లేదన్నమాట" అన్నాడు. ఆ సంబరం వారం రోజులు తగ్గలేదు. ఆ ఏడాది మాతకి కనుబొమలు పల్చన చేసి, బుగ్గ మీద నీడ తీసేసి మొహాన్ని చిన్నది చేశాడు. మా వీధిలో వాళ్లు "మాత ఏంటి చిక్కింది" అన్నారు.

గుణదల వెళ్లినా ఆయనకి అదే ధ్యాస. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తిరునాళ్లు. మేం పదో తారీకు రాత్రి అన్నం మూట కట్టుకుని నడిచే వెళ్లేవాళ్లం. ఏలూరు రోడ్డు పొడుగునా జనమే, ఆ చలిలో ఖమ్మం వైపు నుంచి, పశ్చిమగోదావరి నుంచి చెప్పుల్లేకుండా వచ్చేవాళ్లు. మొక్కుకున్నవాళ్లు తలనీలాలిచ్చేవారు, కొబ్బరికాయలు కొట్టేవారు, కొవ్వొత్తుల మైనం కారి నేలంతా జిడ్డు. గుండు చేయించుకున్న వాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లే ఎక్కువ కనపడేవారు. మా వీధి చివర కోమటాయన భార్య పొద్దున దుర్గమ్మ కొండెక్కి, సాయంత్రం మాతో గుణదల వచ్చేది. "ఇద్దరు తల్లులకీ ఊళ్లో చెరో కొండ" అనేది.

ఆ కొండ మీద మొదటి బొమ్మ పెట్టింది ఆర్లాటి స్వాములు, 1924లో. అప్పటికి ఆయన అక్కడి సెయింట్ జోసఫ్ అనాథ బాలల సంస్థకి పెద్ద. అనాథ పిల్లలున్న చోట ఒక తల్లి బొమ్మ, అంతే మొదలు. ఇప్పుడు చూసే పెద్ద గుడి అభిషేకం 1971లో జరిగింది. నేను నాన్న భుజాల మీద ఉన్నానట. నాకు గుర్తున్నదల్లా ఆయన జుట్టు పట్టుకోవడం, కింద తలలే తలలు. అమ్మ జపమాల చెబుతుంటే, "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అని వరస సాగుతుంటే, నాన్న గుహ ముందు మెడెత్తి నిలబడి, "ఆ పట్టీకి నీలం ఒక చుక్క ఎక్కువైంది" అనేవాడు. అమ్మ పూస మీద వేలు కదపకుండానే మోచేత్తో పొడిచేది.

ఇక ఎనిమిదో స్థలం. సిలువ మార్గం అంటే యేసు సిలువ మోసిన దారి, అందులో ఒక్కో ఘట్టం ఒక్కో స్థలం. ఆ పద్నాలుగు స్థలాలు మా గుళ్లో బొమ్మలు కావు, గాజు ఫ్రేముల్లో అచ్చుపటాలు. ఇటలీ నుంచి వచ్చినవి. కింద సన్నటి అక్షరాల్లో ఇటలీ భాష. నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చిన కొత్తలో కూడబలుక్కుని చదివేదాన్ని, "జెసు ఎ కొండన్నాతో ఎ మోర్తె." ఇంగ్లీషు కాదని తెలీక మా టీచర్‌ని అర్థం అడిగి చివాట్లు తిన్నాను. యేసుకి మరణ తీర్పు అని స్వాములు చెప్పాక ఆ మొదటి పటం ముందు నిలబడాలంటే భయమేసేది.

గోడకి చెమ్మ వచ్చి ఎనిమిదో పటానికి చెదపట్టింది. ఒక వానాకాలం తర్వాత ఫ్రేము దించి చూస్తే లోపల పటం లేదు, మట్టి గీతలున్నాయి. ఎనిమిదో స్థలం అంటే దారి పక్కన ఏడుస్తున్న యెరూషలేము స్త్రీలని యేసు ఓదార్చేది. యేసు మొహం తుడిచిన వెరోనికమ్మ తుండుగుడ్డ, మూడుసార్లు బోర్లా పడ్డం సువార్తల్లో ఉండవు, ఈ ఆడవాళ్ల సంగతి మాత్రం లూకా రాశాడు. నా కోసం కాదు, మీ కోసం, మీ బిడ్డల కోసం ఏడవండని ఆయన అనడం.

ఇటలీ నుంచి ఒక్క పటం తెప్పించడం అయ్యే పని కాదు. నాన్న నేను వేస్తానన్నాడు. కమిటీలో ఒకాయన సినిమా బానర్ల మనిషి చేత వేయిస్తారా అన్నాడు. స్వాములు ఫ్రేము పైన మేకుకి ఉన్న చిన్న చెక్క సిలువని చూపించారు. "స్థలము అనగా ఇదియే. పటము మన కంటి కొరకు" అన్నారు. ఆ ముక్క నిజమేనని నేను చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. పద్నాలుగు స్థలాల లెక్క 1731లో పన్నెండో క్లెమెంత్ పోపుగారు ఖాయం చేశారు. స్థలానికి కావలసింది చెక్క సిలువే, బొమ్మ ఉన్నా లేకపోయినా ఫరవాలేదు. ఆ ఒక్క మాటతో నాన్నకి పని దొరికింది.

ప్లైవుడ్ మీద వేశాడు, మా వరండాలో, పద్దెనిమిది రోజులు. యెరూషలేము స్త్రీలు ఎలా ఉంటారో ఆయనకి తెలీదు, ఏడ్చే ఆడవాళ్లు తెలుసు. మధ్యలో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నావిడ మా అమ్మ. అంతకు ముందేడు మా చిన్న తమ్ముడు విరేచనాలతో పోయాడు. ఆ రోజు అమ్మ అలాగే కూర్చుంది. ఆమె వెనక చెయ్యి నెత్తిన పెట్టుకున్నది మా నాయనమ్మ. పక్కన, ముక్కుపుడకతో, కోమటాయన భార్య. రోము సైనికుడి చేతిలో ఈటె వెయ్యబోయి లాఠీ వేశాడు. మా వీధి పిల్లలంతా అది ఏ పోలీసో గుర్తుపట్టారు. దూరంగా రెండు తాటిచెట్లు. కింద మూల ఒక పిల్ల చేతిలో డబ్బా పట్టుకుని యేసుని కాదు, ఏడ్చేవాళ్లని చూస్తోంది. అది నీళ్ల డబ్బా అని అందరూ అనుకున్నారు. అది లప్పం డబ్బా.

పటం చూసి అమ్మ ఏమీ అనలేదు. ఆ తర్వాత సిలువ మార్గంలో జనమంతా ఏడు నుంచి ఎనిమిదికి జరిగేటప్పుడు అమ్మ మాత్రం ఎప్పుడూ వెనకే ఉండిపోయేది. తొమ్మిది దగ్గర మళ్లీ కలిసేది.

ఇటలీ స్వాములు వెళ్లిపోయారు. నాన్నకి ఫ్లెక్సీలు వచ్చి పని పోయింది, ఆపైన ఆయనే పోయారు. నేను పెళ్లయి గుంటూరు వచ్చేశాను. ఒకసారి వెళ్తే గుడికి కొత్త టైల్సు, కొత్త పీఠం, పద్నాలుగు స్థలాలూ బంగారు రంగు ఫైబర్ పలకలు. బాగున్నాయి, కాదనను. అన్నీ ఒకే చేతివి, దుమ్ము తుడిస్తే పోతుంది. గుళ్లలో బొమ్మలు ఉండాలి కానీ మితంగా, క్రమంగా ఉండాలని 1963లో వాటికన్ మహాసభ రాసింది. దాన్ని పట్టుకుని పాత బొమ్మల్ని కొన్నిచోట్ల తీసేశారు, కొన్నిచోట్ల తీసేసి అంతకు రెట్టింపు కొత్తవి పెట్టారు. మా గుడి రెండో రకం. పాత పటాలేమయ్యాయంటే ఎవరో ఫ్రేములకోసం పట్టుకెళ్లారన్నారు. రెండిళ్లకి వెళ్లి అడిగాను. ఒకింట్లో టీ ఇచ్చారు. రెండో ఇంట్లో గోడ మీద ఆ ఫ్రేమే ఉంది, అందులో పెళ్లి ఫొటో ఉంది. ప్లైవుడ్ సంగతి అడగడానికి నోరు రాలేదు.

పోయిన తపస్సు కాలంలో మళ్లీ వెళ్లాను. స్వాములు పూజకి బట్టలు మార్చుకునే గది వెనక సామాన్ల గది ఉంది. అక్కడ కుర్చీలు, మైకు పెట్టెలు, క్రిస్మస్ పశువులపాక బొమ్మలు, వాటి మధ్య గోడకి ఆనుకుని జోజప్ప. లిల్లీ కొమ్మ లేదు, చెయ్యి అలాగే పట్టుకున్నట్టు ఉంది. మొహం మళ్లీ రోజాపువ్వు రంగులోకి వచ్చింది. గుడి చూసుకునే కుర్రాడిని బతిమాలి ఇద్దరం కలిసి బొమ్మని వెనక్కి వంచాం. ఎంత బరువో మర్చిపోయాను. అడుగున నాన్న గీకిన చోటు, దాని మీద కూడా తర్వాతి వాళ్లు పూసేశారు. గోరు పెట్టి లేపాను. లైటు దగ్గరికి తెచ్చి కళ్లజోడు పైకెత్తి చూశాను. అడుగున అసలుది. మనోళ్లవి మూడు. ఆపైన నాన్నవి మూడు, ఒకదాన్ని మించి ఒకటి ముదురు. వాటి మీద రెండు ఎవరివో.

"ఏంటాంటీ చూస్తున్నారు?"

"ఎన్ని కోట్లున్నాయోనని. తొమ్మిది."

కుర్రాడు చేతులు ప్యాంటుకి తుడుచుకుని, నా అరచేతిలో పెచ్చు తీసుకుని ఫోన్ లైటు వేశాడు. "ఎనిమిదే ఆంటీ" అన్నాడు. "ఈ రెండూ ఒకటే, మధ్యలో దుమ్ము."

"దుమ్ము కాదది, లప్పం" అన్నాను. ఇద్దరం మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాం.